ఇరవై మూడు బదులు ముప్పై ఒకటి

ఎర్ర సోడాలు మళ్ళీ ఎవరు పెట్టారయ్యా ఇక్కడ? నిన్న సాయంత్రమేగా పదకొండు సీసాలు తీసి పక్కన పెట్టి వెళ్ళాను. ఇవాళ్టికి మళ్ళీ తొమ్మిది. ఒక్కోదాంట్లో గొట్టం కూడా పెట్టి మరీ. బతికున్నన్నాళ్ళూ నువ్వు సోడా ముట్టావా? గ్యాసు, త్రేన్పులు అని ఆమడ దూరం పోయేవాడివి. ఇప్పుడేమో దేవుడివైపోయావు. చీమలు పట్టిన దేవుడివి.

ఉండు, ఫొటో తుడవనీ. మొహం నిండా పౌడరే. రుద్ది రుద్ది అంకెలు వెతుకుతున్నారు. నీ ఎడమ చెంప మీద నాలుగు కనిపించిందట, చేపలమ్మే అమ్మాయి చెప్పింది. రైల్వేలో ముప్ఫై ఏళ్ళు సిగ్నల్ లాగినవాడివి, ఇప్పుడు నీ చెంపల మీద లాటరీ నంబర్లు.

నవ్వకు. నవ్వుతున్న ఫొటో ఇచ్చి పెట్టించడం నా తప్పే.

ఇవాళ నేను పువ్వులు తేలేదు. అగరొత్తుల సంగతి మాట్లాడ్డం అయ్యాక చూద్దాం. రేపు పొద్దున్నే పేర్లు చెక్కే సంగ్‌వాన్ మామ వస్తున్నాడు. గుడి గోడలో నీ అస్థికల గూటికున్న ఈ సిమెంటు పలక తీసేసి తెల్ల పాలరాయి బిగిస్తాడు. బంగారు అక్షరాలు. పైన నీ పేరు, నువ్వు పుట్టింది, పోయింది. కింద ఏం రాస్తాడో తెలుసా? ‘కట్టించినది మలివాన్, స్టేషను కాఫీ కొట్టు’ అని.

మన గుళ్ళో బెంచీకి, ఫ్యానుకి, ఆఖరికి మరుగుదొడ్డి తలుపుకి కూడా ఇచ్చినవాళ్ళ పేరుంటుంది, కాదనను. కానీ మొగుడికి కూడానా? నా మొగుడి గూటి మీద ఇంకో ఆడదాని పేరా? రేపు పైఊరివాళ్ళెవరైనా వచ్చి చూస్తే నీ పెళ్ళాం ఎవరనుకుంటారు?

అది తెలిశాకే, ఇక తాడో పేడో తేల్చుకుందామని ఇవాళ పొద్దున దాని కొట్టుకెళ్ళాను. ఏం తేలిందో చెప్తా. మొదట్నుంచీ చెప్తా. మధ్యలో లేచి వెళ్ళిపోయే అలవాటు నీకు ఇప్పుడెలాగూ లేదు.

మలివాన్ పేరెత్తితే నాకు మంట అని నీకు తెలుసు. ఇరవై రెండేళ్ళు, రోజూ పొద్దున ఆరింటికి, ఇంట్లో కాఫీ పెట్టుకుని నేను కూర్చుంటే, నువ్వు పట్టాలు దాటి దాని కొట్టుకి పోయేవాడివి. నేను మన కాగితాల కొట్టు తలుపులు తీస్తూ చూసేదాన్ని. స్తంభం అడ్డం, నీ భుజం, టోపీ మాత్రమే కనపడేవి. దాని నవ్వు మాత్రం మన గుమ్మం దాకా వినపడేది. అడిగితే ‘కాఫీ బాగుంటుందే’ అనేవాడివి. అంత బాగుంటే నాకో గ్లాసు తేవచ్చుగా? ఒక్కరోజు తెచ్చావా?

నీ దహనం రోజు చూడాల్సింది దాన్ని. నీ పెట్టె మీద గంధపు పువ్వు వేస్తూ అది ఏడ్చిన ఏడుపుకి భిక్షువులు మంత్రం ఆపి తలెత్తి చూశారు. నేనేమో గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకి గుర్తుగా ఇచ్చే ముక్కు మందు సీసాలు పంచుతున్నా. మీ అక్క వచ్చి నా చెవిలో, ‘నువ్వు కూడా కాస్త గట్టిగా ఏడువు ఉబోన్, చూసేవాళ్ళకి బాగోదు’ అంది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ రోజు నుంచి మలివాన్‌తో మాటల్లేవు.

ఆ తర్వాత ఏడాదంతా నీ కోసం ఎదురుచూశానయ్యా. పోయినవాళ్ళు కల్లోకి వస్తారు కదా, నంబరో, మాటో, ఏదో ఒకటి చెప్పిపోతారు. కోడిగుడ్ల ముసలమ్మ మొగుడు మూడుసార్లొచ్చాడు, ఒకసారైతే చెప్పులు కావాలని అడిగి వెళ్ళాడు. నువ్వు రాలేదు. నీ దిండు మీదే పడుకున్నా. నీకిష్టమని ఎండుచేప వేయించి ఈ గూటి ముందు పెట్టా. గుడి పిల్లి తింది.

అలా ఉండగా వచ్చింది ప్రపంచ ఫుట్‌బాల్ పోటీ.

నీకు తెలీని పిచ్చా అది? గెలిచే జట్టు పేరు రాసి పోస్టు కార్డులు పంపమని పత్రికవాళ్ళు ప్రతిసారీ అడిగేదే. ఈసారి కొత్తగా ఇంకోటి పెట్టారు. పోటీ మొత్తంలో అందరికంటే ఎక్కువ గోల్స్ ఎవడు కొడతాడు? ముప్ఫై ఆరుగురి ఫొటోలు వేసి, ఒక్కొక్కడికి ఒక నంబరిచ్చారు. కార్డు మీద ఆ నంబరు, మన పేరు, చిరునామా రాసి మొదటి ఆటకి ముందే పంపాలి. సరిగ్గా చెప్పిన కార్డులన్నీ గుట్ట పోసి ఒక్కటి తీస్తారు. ఆ కార్డుకి కొత్త పికప్ బండి. చాటుగా డబ్బు పెట్టి పందెం కాస్తే పోలీసులు పట్టుకుపోతారు గానీ, ఈ పందేనికి ఆ పోలీసులే వచ్చి మన కొట్లో యాభై కార్డులు కొనుక్కెళ్ళారు.

సందంతా మన కొట్లోనే. అందరికీ నా చేతిరాతే కావాలి, గుండ్రంగా కంటికి తగిలేలా ఉంటుందని. చేపలమ్మాయి కార్డుల మూలలు మడత పెట్టించుకుంది, తీసేవాడి వేలికి తగలాలని. ముసలమ్మ అంచులకి గులాబీ రంగు పూయించింది. నాలుగు రోజులు రాసి రాసి నా బొటనవేలు వాచింది.

ఐదో రోజు మధ్యాహ్నం మలివాన్ వచ్చింది. చేతిలో వంద కార్డులు, ప్లాస్టిక్ సంచీలో ఐసు కాఫీ. ఏడాది తర్వాత మన గడప తొక్కడం అదే మొదటిసారి. నేను తలెత్తలేదు. ‘వరసలో నలభై మంది ఉన్నారు’ అన్నాను.

‘అక్కా, రాత్రి తవిన్ అన్న నా కల్లోకొచ్చాడు’ అంది.

అప్పుడు తలెత్తాను.

‘రైల్వే చొక్కా వేసుకుని, పచ్చ జెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడక్కా. ఇరవై మూడు అన్నాడు. నేను వినలేదనుకున్నాడో ఏమో, రెండుసార్లన్నాడు.’

కొట్లో ఉన్నవాళ్ళందరూ చేతులు జోడించారు. నేను మాత్రం జోడించలేదు. ఏడాది నీ దిండు మీద పడుకున్నది నేను. ఆ చొక్కాకి గుండీలు కుట్టింది నేను. అది వేసుకుని దాని దగ్గరికి వెళ్ళావా? పైగా రెండుసార్లు చెప్పావా? నాకు ఏ మాటా రెండోసారి చెప్పేవాడివి కాదే నువ్వు, వినపడలేదంటే విసుక్కునేవాడివి.

ఇరవై మూడంటే ఎవడనుకున్నావు? ఎర్ర చారల చొక్కాల జట్టులో బంగారు జుట్టు కుర్రాడు. పోటీ మొదలవకముందే సగం దేశం వాడి పేరే అంటోంది. అంటే కల నిజమే అనిపించింది. నువ్వు మంచి నంబరే చెప్పావు, చెప్పాల్సినవాళ్ళకి కాకుండా.

‘కార్డులు ఉంచి వెళ్ళు, ముందు నీవే రాస్తా’ అన్నాను. అది సంతోషపడి నా ముందు వంగి దణ్ణం పెట్టి వెళ్ళింది.

అందర్నీ పంపేసి తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నా. నీ ఇరవై మూడు నేను తీసేసుకున్నానయ్యా. నా పేరు మీద నూట యాభై కార్డులు, అన్నింటి మీదా ఇరవై మూడే. నా మొగుడి మాట నా ఇంటికి రావాల్సింది, దారి తప్పి అక్కడికెళ్ళింది, నేను వెనక్కి తెచ్చుకుంటున్నా, ఇందులో తప్పేముంది అనుకున్నా.

మరి దాని వంద కార్డులు? జాబితా అంతా వెతికాను, అందరిలోకీ పనికిరానివాడెవడా అని. దొరికాడు, ముప్పై ఒకటి. అదే ఎర్ర చారల జట్టులో ముసలాడు. ముప్ఫై అయిదేళ్ళు. పన్నునొప్పితో ఫొటో దిగినట్టున్నాడు. పాతవాడని మర్యాద కోసం తీసుకొచ్చారు, ఆడించరు అని పత్రికలోనే రాశారు. వాడి నంబరు వందసార్లు రాశాను. అంత అందంగా నా జన్మలో రాయలేదు.

సాయంత్రం అది వచ్చి, కట్టకి కట్టిన దారం కూడా విప్పకుండా, అదృష్టానికని పైన కాస్త పౌడరు చల్లి, పోస్టాఫీసు కిటికీలో ఇచ్చేసింది. ఒక్క కార్డు తిప్పి చూస్తే నేను దొరికిపోయేదాన్ని. చూడలేదు. నేను రాశాను కదా అని నమ్మింది.

ఆ తర్వాత జరిగింది నీకు తెలుసో లేదో.

ఈసారి పోటీ మన వైపు దేశాల్లోనే గనక ఆటలన్నీ మధ్యాహ్నాలే. టీవీ ఉన్నది దాని కొట్టులో. నేను మన అరుగు మీద కూర్చుని అరుపులు వింటూ ఉండేదాన్ని. మొదటి ఆటలో బంగారు జుట్టువాడు ఒక గోల్ కొట్టాడు. హమ్మయ్య అనుకున్నా. పావుగంటకి వాడి మోకాలు తిరగబడింది, మోసుకుపోయారు. వాడి బదులు లోపలికొచ్చింది ఎవరు? పన్నునొప్పివాడే. వచ్చి ఒకటి కొట్టాడు.

రెండో ఆటలో రెండు. నాకు అన్నం సయించలేదు. మూడో ఆట ముందు ఊరిని కాచే స్తంభం గుడికెళ్ళి మొక్కుకున్నా, ఇవాళ వాడు గోల్ కొట్టకుండా చూడు, నూరు ఉడకబెట్టిన గుడ్లు తెస్తానని. వాడు మూడు కొట్టాడు. గుడ్లు ఇవ్వలేదు, ఎందుకిస్తాను? ఆ తర్వాత ఇంకొకటి. మొత్తం ఏడు. ఆ జట్టు ఓడిపోయి ఇంటికెళ్ళింది గానీ, ఆ ఏడుని చివరిదాకా ఎవడూ దాటలేదు.

అప్పుడు కూడా ధైర్యం చెప్పుకున్నా. దేశం మొత్తం లక్షల కార్డులు పంపింది, తీసి తీసి దీనిదే తీస్తారా అని. కానీ ముప్పై ఒకటి రాసిన పిచ్చివాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పు? మొత్తం వెయ్యి కార్డులు కూడా లేవట. అందులో వంద దానివే, నా గుండ్రటి చేతిరాతతో.

పత్రికవాళ్ళు స్టేషనుకి ఫోన్ చేసి దాని కార్డే వచ్చిందని చెప్పారు. అది గరిటె చేత్తో పట్టుకునే పట్టాలు దాటి పరిగెత్తుకొచ్చింది, వెనక సందు సందంతా. ‘అక్కా, నేను ఇరవై మూడు కదా చెప్పాను, ముప్పై ఒకటి గెలిచిందంటున్నారు, నువ్వేం రాశావక్కా?’ అంది.

నేను నోరు తెరిచాను. ఏం చెప్దామని తెరిచానో నాకే తెలీదు. ఈలోపే కోడిగుడ్ల ముసలమ్మ అందుకుంది. ‘ఇంకెవరు రాస్తారే, తవిన్ రాయించాడు. ముందు చెప్పిన నంబరు పనికిరాదని తెలిసి, పెళ్ళాం చెయ్యి పట్టుకుని దిద్దించాడు’ అంది.

అంతే, మలివాన్ అక్కడే రోడ్డు మీద గుడి వైపు తిరిగి మోకాళ్ళ మీద కూర్చుంది. అందరూ కూర్చున్నారు. నేనొక్కదాన్నే నిలబడ్డా.

నా ఇరకాటం అర్థమైందా? నేనే రాశానంటే దొంగదాన్ని, కుళ్ళుబోతుదాన్ని. ఆ సందులో ఇక తలెత్తుకు తిరగలేను, ఇంకెవరూ ఒక్క కార్డు రాయించుకోరు. ఊరుకుంటేనో, చచ్చిపోయి కూడా నా మొగుడు నా చెయ్యే పట్టుకుని ఇంకో ఆడదానికి బండి ఇప్పించినట్టు. ఏది నయం? నేను ఊరుకున్నా. రెండు నెలలు ఊరుకున్నా. రోజూ నీ దగ్గర సీసాలు పెరిగాయి. రోజూ అది ఆ పికప్ బండి తుడుచుకుంటూ, తోలడం రాకపోయినా అందులో కూర్చుని జనానికి నీ కల చెప్తూ ఉండేది. కలలో నీ చొక్కా కూడా మెరుగవుతూ వచ్చింది. మొదట్లో పాత చొక్కా, పోయిన వారానికి ఇస్త్రీ చేసింది అయింది.

ఇక మొన్న పాలరాయి సంగతి తెలిసింది. ఊరుకోలేకపోయాను.

ఇవాళ పొద్దున ఆరింటికి పట్టాలు దాటి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. నీ బల్ల ఖాళీగా ఉంది, కూర్చున్నా. కూర్చున్నాకే తెలిసిందయ్యా. ఆ బల్ల నేలకి బిగించేశారు, అటూ ఇటూ జరగదు. దాని మీద కూర్చుంటే పొయ్యి కనపడదు, మలివాన్ కనపడదు, అంతా వీపు వెనకే. ఎదురుగా కనపడేది నీ పాత సిగ్నల్ ఒక్కటే.

‘ఇక్కడ కూర్చుని ఏం చేసేవాడు?’ అనడిగాను. అది వెనక గ్లాసులు కడుగుతూనే చెప్పింది. ‘సిగ్నల్ చూసేవాడక్కా. ఆరూ పావు బండికి రాత్రి డ్యూటీవాడు రెక్క సరిగ్గా దించుతాడా లేదా అని. ఆలస్యమైతే వాణ్ణి తిట్టుకునేవాడు. బండి వెళ్ళాక లేచి పోయేవాడు. నాతో ఏం మాట్లాడతాడు, కాఫీ చల్లారిందని తప్ప.’

‘మరి దహనం రోజు ఆ ఏడుపేంటి?’

‘నాకు ఎవరు పోయినా అంతేనక్కా. చేపలమ్మాయి మామకి కూడా అలాగే ఏడ్చాగా.’

నిజమే, ఏడ్చింది. నేనే మర్చిపోయా.

అప్పుడు చెప్పేశాను. ‘ముప్పై ఒకటి ఆయన రాయించలేదు. నేనే రాశాను. నీ మీద కుళ్ళుతో, నువ్వు ఓడిపోవాలని రాశాను. నీ ఇరవై మూడు నేను తీసుకున్నాను.’ ఒక్క ఊపున చెప్పేసి కళ్ళు మూసుకున్నా, వేడి కాఫీ మొహాన పోస్తుందేమోనని.

నవ్వు వినపడింది. తిరిగి చూస్తే పొయ్యి గట్టు పట్టుకుని మరీ నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుని నా పక్కన వచ్చి కూర్చుంది. ‘అయితే నేనూ ఒకటి చెప్పాలక్కా, తిట్టకు. ఆయన నా కల్లోకి రాలేదు. ఇరవై మూడు ఐసు లారీ నంబరు, చివరి రెండంకెలు. నువ్వు ఏడాదిగా నాతో మాట్లాడట్లేదు, వరసలో నలభై మంది ఉన్నారు. ఆయన పేరెత్తితే తప్ప నువ్వు తలెత్తవనిపించింది. అంతే. తర్వాత అందరూ అడుగుతుంటే ఆపలేకపోయాను.’

నాకు కాఫీ ఇచ్చింది. తాగాను. బాగుంది, ఆ మాట ఒప్పుకుంటున్నా.

నేను సంతోషించాలి కదా? నువ్వు దాన్ని చూసింది లేదు, దాని కల్లోకి వెళ్ళింది లేదు. ఇరవై రెండేళ్ళ మంట చల్లారిపోవాలి. తేలిగ్గా లేచి బయటికొచ్చాను. పట్టాల మధ్యకి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

అంటే నువ్వు ఎక్కడికీ రాలేదన్నమాట. నా దగ్గరికీ రాలేదు, దాని దగ్గరికీ రాలేదు. ఏడాది దాటింది, ఎవరికీ కనపడలేదు. ఆ కల మాట విన్నప్పటి నుంచీ కుళ్ళి చచ్చాను గానీ, అన్నాళ్ళూ నువ్వున్నావయ్యా. చొక్కా వేసుకుని, జెండా పట్టుకుని, ఎక్కడో ఒక ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నావు. తప్పు ఇంటికి వెళ్ళినా ఉన్నావు. ఇవాళ పొద్దున్నుంచి లేవు.

రాత్రి డ్యూటీవాడు కేక వేశాడు పట్టాల మీద నుంచి తప్పుకోమని. అక్కడ నిలబడి ఏడ్చానయ్యా. మీ అక్క చూస్తే సంతోషించేది, గట్టిగానే ఏడ్చాను. మలివాన్ వచ్చి చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చింది. ‘అందరికీ నిజం చెప్పేస్తా అక్కా, సంగ్‌వాన్‌ని కూడా రావద్దంటా’ అంది.

‘నోరు మూసుకో’ అన్నాను. ‘వచ్చాడనే చెప్పు. ఇస్త్రీ చొక్కానే చెప్పు. నా చెయ్యి పట్టుకున్నాడని నేనూ చెప్తా.’

కాబట్టి రేపు సంగ్‌వాన్ మామ వస్తాడు. కట్టించినది మలివాన్ అని రాసుకోనీ. నీ పక్క గూడు నాది, దాని మీద మాత్రం ఇంకెవరి పేరూ పడనివ్వను, అది ముందే చెప్పి వచ్చాను.

ఇదిగో, అగరొత్తులు వెలిగిస్తున్నా. సోడాలు కూడా ఉంచేస్తాలే, చీమలు తిననీ.

ఒక్క మాట విను, ఇంకేం అడగను. నా కల్లోకి రావడం నీకు కుదరకపోతే, దాని కల్లోకైనా వెళ్ళు. పొద్దున్నే కాఫీకి వెళ్ళి ఏమన్నావో కనుక్కుంటాను.